పొగలో మామగారి వాటా

మామగారు బాయిలరు మనిషి. బొగ్గు కాల్చి కరెంటు తీసే కర్మాగారంలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన పని మంటను చూడటమే. చిన్న గాజు కిటికీలోంచి పొయ్యి లోపలికి తొంగిచూసి, మంట రంగును బట్టి గాలి పెంచాలో బొగ్గు తగ్గించాలో చెప్పేవారు. ఆయన రిటైరైన రోజున కర్మాగారం వాళ్ళు ఒక చేతికి శాలువా, ఇంకో చేతికి ఊపిరితిత్తుల జబ్బు ఇచ్చి పంపించారని కొడుకు అంటూ ఉండేవాడు. మామగారికి ఆ మాట నచ్చేది కాదు.

"దాని తిండి తిన్నాం రా. దాన్నేమీ అనకు" అనేవారు.

ఆ జబ్బు ముదిరాక డాక్టర్లు ఆయన మంచం పక్కన ఒక మిషను పెట్టించారు. చక్రాల మీద దొర్లే చిన్న బల్లంత ఉంటుంది. గదిలోని గాలినే పీల్చుకుని, అందులోంచి ప్రాణవాయువును వడగట్టి, సన్నని గొట్టంలోంచి ఆయన ముక్కుకు పంపుతుంది. స్నానానికి వెళ్ళే కాసేపు తప్ప దాన్ని తియ్యకూడదని గట్టిగా చెప్పారు. గొట్టం పొడుగ్గా ఉండటంతో ఆయన దాన్ని ఈడ్చుకుంటూ హాలు దాటి వంటింటి గుమ్మం దాకా రాగలిగేవారు. మనవరాలు చిట్టి దానికి తాత తోక అని పేరు పెట్టింది. ఎవరైనా పొరపాటున తొక్కితే, "నా తోక, నా తోక!" అని ఆయనే ముందు అరిచేవారు.

మిషను సీసాలో నీళ్ళు మార్చడం, గొట్టం కడగడం, ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం, అన్నీ కోడలే చూసుకునేది. కొడుకు పళ్ళ డాక్టరు. ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ చూసి ఇంటికొచ్చేసరికి అతని నోరు పెగిలేది కాదు. కోడలు అలా కాదు. రెడీమేడ్ బట్టలు కుట్టించే కంపెనీలో బట్ట ఎంపిక చేసే ఉద్యోగం ఆమెది. మిల్లులకు వెళ్ళి, తానుల మీద చెయ్యి వేసి నిమిరి, ఏది చొక్కాకు పనికొస్తుందో ఏది పనికిరాదో తేల్చాలి. అందుకోసం తరచూ విమానం ఎక్కేది. ఒక్కోసారి సముద్రం దాటేది. ఎంత తిరిగినా ఇంటికి రాగానే కొంగు దోపి పనిలో పడేది. ఏ పని పట్టుకున్నా సగంలో వదిలే రకం కాదు.

ఆ ఏడాది కంపెనీ పెద్దలు కొత్త మాట ఒకటి ఎత్తుకున్నారు. ప్రతి ఉద్యోగీ తన ఇంటి నుంచి గాలిలోకి ఎంత కర్బనం వెళుతోందో తెలుసుకోవాలి, వీలైనంత తగ్గించుకోవాలి. ఆ పని దగ్గరుండి నడిపించే బాధ్యత కోడలి నెత్తిన పెట్టారు. ఆమె సంతోషంగానే తీసుకుంది. ఆ ముందటి ఎండాకాలంలో చిట్టి బడిలో ఎండదెబ్బకు కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పటి నుంచీ ఆమెకు లోపల బెంగగానే ఉంది.

ఆ సాయంత్రమే భోజనాల బల్ల దగ్గర సంగతి మొదలుపెట్టింది.

"మనం దీపం వేసినా, కారు తీసినా, కొత్త చొక్కా కొన్నా, ఎక్కడో ఏదో ఒకటి కాలుతుంది. అదంతా పైకి వెళ్ళి భూమిని దుప్పటిలా కప్పుతోంది. అందుకే ఎండలు ఇలా మండిపోతున్నాయి. అందులో మన ఇంటి వాటా ఎంతో చూసుకోవాలి. వీటినే కర్బన ఉద్గారాలంటారు."

"ఉద్గారం అంటే తేనుపు కదమ్మా?" అంది చిట్టి కంచంలోంచి తలెత్తి. "మా టీచరు చెప్పారు. అయితే మనిల్లు తేన్పుతోందన్నమాట."

పళ్ళ డాక్టరుకు నవ్వొచ్చి పొలమారింది. కోడలు అతని వీపు మీద నాలుగు చరిచింది.

"పొగ అనమ్మా, సరిపోతుంది" అన్నారు మామగారు. "పొగంటే నాకు తెలుసు. దానితోనే బతికాను."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో దానికి పొగ అన్న పేరే స్థిరపడిపోయింది.

ఆ ఆదివారం కోడలు అరచేతిలో పట్టే మీటరు ఒకటి తెచ్చింది. దాన్ని గోడ ప్లగ్గుకు పెట్టి, ఏ సామాను దానికి తగిలిస్తే అది ఎంత కరెంటు తాగుతోందో చూపిస్తుంది. ఫ్రిజ్జు అయింది, టీవీ అయింది, బట్టలుతికే మిషను అయింది. చలికాలం కాబట్టి ఏసీలు పడుకుని ఉన్నాయి. చివరికి మామగారి గది మిగిలింది.

"ఒక్క నిమిషం మావయ్యగారూ, ప్లగ్గు మార్చి పెడతాను."

"పెట్టమ్మా. దాని జాతకం కూడా చూసెయ్" అన్నారాయన.

మర్నాటి సాయంత్రం ఆమె మీటరు తీసి చూసుకుంది. బాల్కనీలోకి వెళ్ళి, కంపెనీలో తనతో పనిచేసే స్నేహితురాలికి ఫోను చేసింది.

"మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ కరెంటు తాగే ఘటం ఎవరో చెప్పుకో చూద్దాం? ఫ్రిజ్జు కాదే... మా మావయ్యగారి మిషను! పగలనకా రాత్రనకా గుటగుటా తాగుతూనే ఉంటుంది. అదొక్కటీ లేకపోతే మా ఇల్లు బంగారం!" అని నవ్వింది.

అందులో ఏ దురుద్దేశమూ లేదు. పని బాగా జరుగుతున్న ఉత్సాహంలో వచ్చిన మాట. ఫోను పెట్టేయగానే మర్చిపోయింది కూడా. కానీ బాల్కనీకీ మామగారి గదికీ మధ్య ఉన్నది ఒక్క కిటికీ. ఆయన ఆ కిటికీ పక్కనే కూర్చుని స్వెట్టరు గుండీలు పెట్టుకుంటున్నారు.

ఆయనకు కోపం రాలేదు. నిజానికి ఆ మాట సబబుగానే తోచింది. జీవితమంతా మంట ముందు నిలబడ్డ మనిషి కాబట్టి, గోడలోని ప్లగ్గు వెనక ఏముంటుందో ఆయన కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. ఎక్కడో ఒక పొయ్యిలో, ఒకప్పటి తనలాంటి వాడెవడో బొగ్గు తోయిస్తూ ఉంటాడు. ఆ బొగ్గులో కొంత తన ముక్కు కోసం కాలుతోంది.

మధ్యాహ్నాలు ఇంట్లో ఎవరూ ఉండరు. మరుసటి రోజు ఆయన మిషను మీట నొక్కి ఆపేశారు. గొట్టం తీసి మంచం కోడుకు తగిలించి, కుర్చీలో కూర్చున్నారు. కాసేపటికి ఆయాసం వచ్చింది. కదలకుండా, మాట్లాడకుండా, చేతులు మోకాళ్ళ మీద ఆనించి ముందుకు వంగి కూర్చుంటే సర్దుకుపోవచ్చని కనిపెట్టారు. చిట్టి బడి నుంచి వచ్చే వేళకు మళ్ళీ మిషను వేసుకుని ఏమీ ఎరగనట్టు పడుకున్నారు. అలా రోజూ కాస్త కాస్త పెంచుకుంటూ పోయారు.

నెల తిరిగింది. కరెంటు వాడకం బాగా తగ్గిందని కోడలు గమనించింది. ఆ పూట ఆమె ముఖం వెలిగిపోయింది.

"చూశారా! అనుకుంటే ఎందుకు కాదు? చిట్టి దీపాలు ఆపుతోంది, మీరు చన్నీళ్ళు పోసుకుంటున్నారు, నేను బట్టలు ఎండలో ఆరేస్తున్నాను. మనందరి గొప్పే ఇది."

పళ్ళ డాక్టరు తన చన్నీళ్ళ స్నానాన్ని తలుచుకుని భుజాలు ఎగరేశాడు. మామగారు తల వంచుకుని, పరీక్ష పాసైన పిల్లాడిలా ముసిముసిగా నవ్వుకున్నారు. ఆ నవ్వును కోడలు చూసింది. మావయ్యగారికి కూడా సరదాగా ఉందనుకుంది.

ఆ తర్వాత ఆయనకు నిద్ర పెరిగింది. ప్రశ్న అడిగితే జవాబు ఆలస్యంగా వచ్చేది. పాదాలు వాచాయి. ఉప్పు ఎక్కువైందేమో అని కొడుకు అన్నాడు. కోడలు ఉప్పు తగ్గించింది. పెద్దవయసు, పైగా చలి అని ఇద్దరూ సరిపెట్టుకున్నారు.

కోడలు కంపెనీలో కూడా అందరి చేతా ఇంటి పొగ చూసుకునేలా చేస్తోంది. అయితే తన విమానాలు ఆ లెక్కలోకి రాలేదు. అవి ఉద్యోగం కోసం వెళ్ళేవి కదా, ఇంటికేం సంబంధం అనుకుంది. ప్రతి ఎండాకాలం సెలవులకూ నలుగురూ విమానంలో ఎక్కడికో ఒకచోటికి వెళ్ళేవారు, మామగారికి జబ్బు ముదిరాక ముగ్గురే వెళ్తున్నారు. అదీ రాలేదు, ఏడాదికి ఒక్కసారే కదా అనుకుంది. ఇంటికి రెండు కార్లు. భర్త క్లినిక్కు తూర్పున, ఆమె ఆఫీసు పడమరన. దానికి ఎవరేం చేస్తారు? ఇలా ఒక్కొక్కదానికీ ఒక్కో సమాధానం చేతికి అందుబాటులోనే ఉండేది. దాచిపెట్టాలని కాదు. ప్లగ్గుకు తగిలించి చూడగలిగినవే కంటికి కనిపించాయి.

వాళ్ళ కింది ఇంట్లో ఒక నర్సమ్మ ఉండేది. పెద్దాసుపత్రిలో పొద్దుటి డ్యూటీ చేసి వచ్చి, మధ్యాహ్నం ఓ కునుకు తీసేది. సరిగ్గా ఆమె మంచం పైనే మామగారి గది. మిషను రొద కప్పులోంచి సన్నగా దిగుతూ ఉండేది. మొదట్లో విసుక్కుంది గానీ తర్వాత అదే జోలపాటైంది. ఈమధ్య ఆమెకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. ఎందుకో అర్థం కాలేదు. ఒక మధ్యాహ్నం అటూ ఇటూ దొర్లుతూ ఉంటే తట్టింది, పైన రొద లేదు. కరెంటు పోయిందేమో అని ఫ్యాను వేసి చూసింది. తిరిగింది.

ఆమె ఒక్క ఉదుటున లేచింది. అవసరానికి ఉంటుందని కోడలు ఇచ్చిన తాళంచెవి తీసుకుని మెట్లెక్కింది.

మామగారు కుర్చీలో ముందుకు వంగి ఉన్నారు. పెదవులు నేరేడుపండు తిన్నవాడి పెదవుల్లా ఉన్నాయి. గొట్టం మంచం కోడుకు వేలాడుతోంది.

"తాతగారూ! తాతగారూ, ఇటు చూడండి!"

"ఆఁ... నువ్వామ్మా... చిట్టి వచ్చే టైమైందా?" అన్నారాయన. మాట ముద్దగా వచ్చింది. "వెయ్యి, మిషను వెయ్యి. వాళ్ళకు చెప్పకు."

నర్సమ్మ మిషను వేసి గొట్టం పెట్టింది. పక్కనే ఉన్న, ఒంట్లో ప్రాణవాయువు కొలిచే క్లిప్పు ఆయన వేలికి తగిలించి, అందులో అంకె చూసింది. వెంటనే అంబులెన్సుకు ఫోను చేసింది.

ఆ సమయానికి కోడలు విమానాశ్రయంలో ఉంది. సముద్రం అవతల ఒక పెద్ద మిల్లువాళ్ళు కొత్త బట్ట నేశారు. మర్నాడు అక్కడ ఉండాలి. విమానం ఎక్కే వరసలో నిలబడి ఉండగా ఫోను మోగింది.

"మీరు వెనక్కి వచ్చెయ్యండి. తాతగారిని మా ఆసుపత్రికి తెచ్చాను" అంది నర్సమ్మ.

"ఏమైంది? మిషను పాడైందా?"

"పాడవలేదమ్మా. ఆపేసి ఉంది. ఆయనే ఆపుకున్నారు."

"ఆయనే ఆపుకోవడమేంటి?"

వరసలో వెనకవాళ్ళు కదలమని తొందర పెడుతున్నారు. కోడలు పెట్టె లాక్కుంటూ పక్కకు వచ్చేసింది.

ఆసుపత్రిలో మామగారి ముఖానికి పెద్ద మాస్కు పెట్టారు. చాలా రోజులుగా ఒంటికి ప్రాణవాయువు చాలడం లేదని, గుండె మీద భారం పడిందని, పాదాల వాపు కూడా అందుకేనని డాక్టరు చెప్పారు. ఇంకాస్త ఆలస్యమైతే చేతులెత్తేయాల్సి వచ్చేదన్నారు. పళ్ళ డాక్టరు వంగి తండ్రి పాదాల వాపును వేలితో నొక్కి చూశాడు. ఉప్పు ఎక్కువైందన్నది తనే కదా.

తండ్రి కాస్త తేరుకున్నాక అతనికి కోపం తన్నుకొచ్చింది.

"ఏం తక్కువైంది నాన్నా నీకు? మేమేమైనా అన్నామా? చిట్టికి ఏం చెప్పమంటావు?"

మామగారు కళ్ళు మూసుకున్నారు. ఎన్నిసార్లు అడిగినా నోరు విప్పలేదు.

మాస్కు తీసి మళ్ళీ సన్న గొట్టం పెట్టిన రోజున కోడలు ఒక్కతే ఆయన దగ్గర ఉంది. చెంచాతో జావ తాగిస్తోంది. రెండు చెంచాలయ్యాక ఆయన చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టారు.

"వాడి దగ్గర చెప్పలేదు. వింటే నిన్ను కోప్పడతాడు" అన్నారు మెల్లగా. "నువ్వు ఫోనులో అన్నావు కదమ్మా. నా మిషను లేకపోతే ఇల్లు బంగారమని."

కోడలి చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. ఏ ఫోను, ఎప్పుడు అని ఒక్క క్షణం వెతుక్కుంది. గుర్తొచ్చింది.

"మావయ్యగారూ... అది... సరదాకి అన్నాను. నోరు జారాను. నా మాట పట్టుకుని మీరు..."

"నువ్వు తప్పు అనలేదమ్మా. నిజమే అన్నావు. నేను రోజుకు రైలుపెట్టెల కొద్దీ బొగ్గు మంటలో వేయించినవాణ్ణి. ఊరికి వెలుగిస్తున్నామని మురిసిపోయేవాళ్ళం. పిల్ల ఎండకు పడిపోయిందని నువ్వు బెంగపెట్టుకుని ఇంత తాపత్రయపడుతుంటే, నేను మంచంలో పడుకుని ఇంకా బొగ్గు కాల్పించడం బాగాలేదనిపించింది. అందరూ ఎంతో కొంత వదులుకుంటున్నారు. నా దగ్గర వదులుకోవడానికి ఇంకేం ఉంది?"

ఆమెకు దుఃఖం ఆగలేదు. జావగిన్నె కింద పెట్టి, మంచం పట్టీ మీద తల ఆనించి ఏడ్చింది. ఆయన సెలైను గొట్టం ఉన్న చెయ్యి జాగ్రత్తగా ఎత్తి ఆమె తల మీద పెట్టారు. ఎవరు ఎవరిని ఓదార్చాలో తెలియని స్థితి.

కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇంకెప్పుడూ ఆ మిషను ఆపనని నాకు మాటివ్వండి. అది అసలు లెక్కలోదే కాదు. మీరు ఏమీ వదులుకోనక్కర్లేదు. ఈ పొగ సంగతి మేం చూసుకుంటాం, మీకెందుకు?"

ఆయన ధైర్యపడతారనుకుంది. ఆయన ముఖం అటు తిప్పుకున్నారు.

"ఏమైంది మావయ్యగారూ?"

"ఏం లేదమ్మా. మీకెందుకు అన్నావు కదా. ఈ జబ్బు వచ్చాక అందరూ ఆ మాటే అంటున్నారు. బజారు మీకెందుకు, బిల్లులు మీకెందుకు, చిట్టి చదువు మీకెందుకు. ఆఖరికి పొగ కూడా మీకెందుకంటే... ఇంక ఇంట్లో నేను సామాను కిందే లెక్క."

కోడలు జావగిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చి, భర్తకు జరిగింది జరిగినట్టు చెప్పింది. అతను కోప్పడతాడని మామగారు భయపడ్డారు గానీ, అతను కోప్పడలేదు. "నువ్వనకపోయినా ఎవరో ఒకరం ఏదో ఒకటి అనే ఉండేవాళ్ళం" అన్నాడు.

"ఆయన మిషను ఒక్కటే నా కంటికి ఆనిందేంటండీ?" అంది ఆమె. "ఆయన ఊపిరికి లెక్క కట్టాను. నేను రద్దు చేసుకున్న ఆ విమానం సంగతి ఇవాళ చూశాను. ఒక్కసారి వెళ్ళొస్తే నా ఒక్కదాని వాటాకు వచ్చే పొగ, ఆ మిషను నెలల తరబడి ఆడినంత. అలాంటివి నేను ఏడాదిలో ఎన్ని ఎక్కుతున్నాను?"

"ఉద్యోగం కదా."

"ఉద్యోగమే. అన్నిసార్లూ వెళ్ళాల్సిన పనే ఉందా అంటే లేదు. వెళ్తే అక్కడివాళ్ళు మర్యాద చేస్తారు, ఒకరోజు హోటల్లో హాయిగా నిద్రపోవచ్చు. అందుకు కూడా వెళ్ళాను." ఆ మాట పైకి అనడం ఆమెకే కొత్తగా ఉంది. "మావయ్యగారిది అవసరం. మనవి అలవాట్లు. రెంటినీ ఒకే తక్కెట్లో పెట్టి తూచాను."

"నా కారు జోలికి మాత్రం రాకు" అన్నాడు పళ్ళ డాక్టరు నీరసంగా. అంటూనే తనకే నవ్వొచ్చింది.

మామగారు ఇంటికి వచ్చాక, ఆయన్ని తోకతో సహా భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఈసారి కోడలు మీటరు తేలేదు.

"మావయ్యగారూ, మీరన్నది నిజం. పొగలో మీకూ వాటా ఉంది. మిషను మాత్రం అందులో లేదు, అది డాక్టరు పెట్టింది. ఇంకేం వదులుకుంటారో మీరే చెప్పండి. ముందు మేం చెబుతాం. సముద్రం దాటి వెళ్ళేవి ఏడాదికి ఒకటి మించకుండా చూసుకుంటాను. రైలు వెళ్ళే చోటికి రైల్లోనే వెళ్తాను."

"ఒక కారు అమ్మేస్తాం" అన్నాడు కొడుకు, పన్ను పీకించుకుంటున్న వాడి ముఖంతో. "నేను బస్సెక్కుతాను."

"సెలవులకి విమానం వద్దు" అంది చిట్టి. "కానీ ఎక్కడికో అక్కడికి తీసుకెళ్ళాలి. ఇంట్లో కూర్చోబెడితే ఒప్పుకోను. ఇంకా... కొత్త బట్టలు తగ్గిస్తాను. తగ్గిస్తానన్నాను, మానేస్తానన్లేదు."

అందరూ మామగారి వైపు చూశారు. ఆయన గంభీరంగా ఆలోచించారు. స్వెట్టర్లు చాలా ఉన్నాయి, ఇంక కొనొద్దన్నారు. గదిలో టీవీ తీసెయ్యమన్నారు.

"అవి చిన్నవి తాతా" అంది చిట్టి. "మా పుస్తకంలో ఉంది. మేకలు, గొర్రెలు, పశువులు నెమరేస్తూ తేన్పుతాయట. అందులోంచి కూడా వేడి పెంచే గాలి వస్తుందట. నువ్వు ఆదివారం, బుధవారం మేకమాంసం తింటావు కదా."

మామగారి ముఖం చూడాలి అప్పుడు.

"అది... దానికీ దీనికీ సంబంధమేంటి?"

"ఉద్గారాలు తాతా. నిజం తేనుపులు."

"మాంసం జోలికి రాకండమ్మా" అన్నారు ఆయన, దాదాపు బతిమాలుతున్నట్టు. "మీ అత్తగారు పోయాక నాకు మిగిలిన సుఖం అదొక్కటే."

"ఊపిరైతే అడక్కుండానే ఇచ్చేశారు. మాంసం అడిగితే ఇవ్వరా?" అంది కోడలు.

మామగారు నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు మళ్ళీ నవ్వులోకి వచ్చింది. కొడుకు కంగారుగా లేచి వీపు రాశాడు. ఆ తర్వాత బేరం చాలాసేపు సాగింది. బుధవారం పోయింది. ఆదివారం నిలబడింది, కాకపోతే ఒక వారం మేకమాంసం, మరో వారం కోడిమాంసం. కోడి మాంసమే కాదని, రెక్కలున్న కూరగాయని ఆయన గొణిగారు. అయినా ఒప్పుకున్నారు. తన వాటా తను ఇచ్చాక ఆయన కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నారు.

అక్కడితో అంతా సాఫీగా జరిగిపోయిందని చెప్పలేం. ఆఫీసులో కోడలి మాట మేనేజరుకు నచ్చలేదు. బట్టను చేత్తో పట్టుకుని చూడాలని ఇన్నేళ్ళూ నువ్వే కదా చెప్పావు అన్నాడు. నమూనాలు పార్సిల్లో తెప్పించి ఇక్కడే పట్టుకుని చూస్తానంది. కొన్నాళ్ళు అలాగే నడిచింది. ఆ తర్వాత సముద్రం దాటే పనులన్నీ ఆమె స్నేహితురాలికి అప్పగించారు. కోడలికి వస్తుందనుకున్న పెద్ద హోదా కూడా ఆ స్నేహితురాలికే వెళ్ళింది. ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి ఏడ్చింది. మామగారు తోక ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. ఆమె కూర తిరగమోత పెట్టి, దించేదాకా అలాగే నిలబడి ఉన్నారు.

చిట్టికి మాత్రం కడుపు మండింది.

"అమ్మ మానేస్తే ఆంటీ ఎక్కుతోంది. ఆ విమానం ఎగురుతూనే ఉంది. మన పక్కింటివాళ్ళకు మూడు కార్లు. మనం చేస్తే ఏం లాభం తాతా?"

మామగారు చిట్టిని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఏమో తల్లీ, నాకూ తెలీదు. మా దగ్గర మూడు షిఫ్టులు ఉండేవి. బొగ్గు ఎక్కువ తగలబడుతోందని పైవాళ్ళు కేకలేస్తే, ప్రతి షిఫ్టువాళ్ళూ పక్క షిఫ్టువాళ్ళ మీదే చెప్పేవాళ్ళు. నేనూ చెప్పేవాణ్ణి. మేమంతా మంచివాళ్ళమే. బొగ్గు మాత్రం తగ్గేది కాదు." కాస్త ఆగి, "ఒకసారి ఒక షిఫ్టువాడు మాటలు మానేసి, తన పూటన ఆవిరి కారే చోట్లన్నీ కట్టించాడు. మిగతావాళ్ళకు సిగ్గేసిందో, పోటీ వచ్చిందో... కొంత తగ్గింది. అంతా కాదు. కొంత" అన్నారు.

"ఆ షిఫ్టువాడు నువ్వేనా తాతా?"

"నేనైతే బాగుండేది. కాదు."

చిట్టి తృప్తిపడలేదు. కానీ మర్నాడు బడికి నడిచే వెళ్ళింది.

కోడలి కంపెనీలో కూడా మెల్లగా కొంత కదిలింది. పార్సిళ్ళలో నమూనాలు తెప్పించుకోవడం ఇంకో ఇద్దరు మొదలుపెట్టారు. హోదా పెరిగిన స్నేహితురాలు ఒకరోజు ఫోను చేసి, నెలంతా విమానాల్లో తిరిగి నడుం పడిపోయిందని, ఆ రైళ్ళ సంగతేంటో చెప్పమని అడిగింది. ఈసారి కోడలు హాల్లో అందరి ముందూ కూర్చునే మాట్లాడింది.

వానాకాలం వచ్చింది. మామగారిని డాక్టరుకు చూపించాల్సిన రోజున పొద్దున్నే కుండపోతగా వాన పట్టుకుంది. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క కారును పళ్ళ డాక్టరు గుమ్మం ముందుకు తెచ్చాడు. బస్సులు ఆగిపోయాయి కాబట్టి అతను క్లినిక్కు దగ్గర దిగి, అక్కడి నుంచి కారు కోడలికి అప్పగించాలి. చిట్టిని బడి దగ్గర దింపాలి. నర్సమ్మ కూడా డ్యూటీకి గొడుగు పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉంది.

"ఎక్కమ్మా, ఎక్కు" అని మామగారు కిటికీలోంచి చెయ్యి ఊపారు.

"చోటెక్కడుంది తాతగారూ?"

చోటు లేదు. ముందు సీట్లో మామగారు, ఆయన ఒళ్ళో ప్రయాణాలకు వాడే చిన్న సిలిండరు. వెనక కోడలు, చిట్టి, చిట్టి సంచి, తడిసిన గొడుగులు. ఒకరినొకరు నెట్టుకుని జరిగారు. నర్సమ్మ సగం సీటు మీద కూర్చుని బలంగా తలుపు వేసుకుంది.

"నాన్నా, నీ మోచెయ్యి తియ్యి. గేరు వెయ్యనీ" అన్నాడు పళ్ళ డాక్టరు.

"ఇదేం కారు రా, బస్సు దీనికన్నా నయం" అన్నారు మామగారు. ఆయన గొంతులో చాలా రోజుల తర్వాత పాత ఖంగు వినిపించింది. అద్దాల మీద అందరి ఊపిరీ ఆవిరై పట్టింది. కోడలు ముందుకు వంగి, కొంగుతో మామగారి వైపు అద్దం తుడిచింది. కారు వానలోకి కదిలింది.